పాత పెంటియం 3 మీద మాత్రమే ఫ్లోటింగ్ పాయింట్ ఎర్రర్: ప్రాసెసర్ పోయినట్టేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ కాటా దగ్గర ఒక పాత పెంటియం 3 కంప్యూటర్ ఉంది, అందులో ఎప్పుడో డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ టూల్‌లో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాం నడుస్తోంది. అది ఉన్నట్టుండి "ఇన్‌వాలిడ్ ఫ్లోటింగ్ పాయింట్ ఆపరేషన్" అంటుంది, అంటే దశాంశ సంఖ్యల లెక్క ఏదో చెల్లలేదని, ఓకే కొడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ర్యామ్ మార్చారు, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చారు, విండోస్ తీసి మళ్లీ వేశారు, తేడా లేదు. అదే ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లో వేస్తే ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి ప్రాసెసర్లో లెక్కలు చేసే భాగం దెబ్బతిందేమో అంటున్నారు.

నాకైతే ఆ అనుమానం లేదు. ప్రాసెసర్ నిజంగా దెబ్బతింటే అది మీ బిల్లింగ్ ప్రోగ్రాం ఒక్కదాన్నే పట్టుకుని పీడించదు, ఎక్సెల్ పడిపోతుంది, విండోసే బ్లూ స్క్రీన్ ఇస్తుంది, అసలు బూటే అవదు. ఒకే ప్రోగ్రాం, ఒకే రకం ఎర్రర్, ఓకే కొట్టగానే మామూలైపోవడం, ఈ మూడూ కలిసి వస్తే సాఫ్ట్‌వేర్ వైపే చూడాలి. "కొత్త కంప్యూటర్లో రాలేదుగా" అన్నది కూడా సాక్ష్యం కాదు, ఎందుకో కింద చెప్తాను. అచ్చం ఇలాంటిదే నాకు గుంటూరులో తగిలింది, కాస్త పెద్దదిగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ. సీజన్లో ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి, ట్రాక్టరు కాటా ఎక్కగానే తూకం నేరుగా సీరియల్ పోర్టు నుంచి కంప్యూటర్లోకి వస్తుంది, పైన బిగించిన కెమెరా లోడు ఫోటో తీస్తుంది, గుమస్తా టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య కొడితే సగటు బరువు, అద్దె లెక్కలేసి రైతుకి బాండు (సరుకు దాచినట్టు రసీదు) ప్రింటవుతుంది. ఫోటో ఎందుకంటే తర్వాత తగాదా వస్తే చూపించడానికి. ప్రోగ్రాం రాసినాయన అప్పటికే అమెరికా వెళ్లిపోయాడు, అదృష్టం కొద్దీ సోర్స్ కోడ్ సీడీ షావుకారు గారి బీరువాలో ఉంది. కెమెరా ప్రివ్యూ కోసం క్యాప్చర్ కార్డుతో (కెమెరా సిగ్నల్‌ని కంప్యూటర్లోకి తెచ్చే కార్డు) వచ్చిన ఒక డీఎల్ఎల్ (వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే రెడీమేడ్ కోడ్ ఫైలు) వాడాడు, దానికి మాత్రం సోర్స్ లేదు.

ఎర్రర్ మీరు చెప్పినట్టే. బాండు కొడుతుండగా వస్తుంది, ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండా ఊరికే ఉన్నప్పుడూ వస్తుంది. హార్డ్‌వేర్ కుర్రాడు క్యాబినెట్ తెరిస్తే లోపల మిర్చి దుమ్ము వేలు మందాన ఉంది, ఫ్యాను ఊదేసరికి గదిలో ఉన్నవాళ్లందరికీ తుమ్ములు, ఇంకేముంది, వేడెక్కి లెక్క తప్పుతోందని తేల్చేశారు. శుభ్రం చేశాక కూడా వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ సరిగ్గా లేదన్నాడు. ఈ గొడవలో పనికొచ్చే మాట చెప్పింది గుమస్తా ఒక్కడే: "కంప్రెసర్ ఆన్ చేసినప్పుడల్లా వస్తందన్నా, మీరెవరూ నమ్మట్లా."

నిజమే, ఎక్కువసార్లు కంప్రెసర్ మోటరు ఎత్తుకున్న క్షణాన్నే వస్తోంది. దాంతో అందరికీ వోల్టేజీ మీదే గురి కుదిరింది, ఆన్‌లైన్ యూపీఎస్ కూడా కొన్నారు. యూపీఎస్ పెట్టాక కూడా ఎర్రర్ వస్తూనే ఉంది. అంటే కరెంటుకీ దీనికీ సంబంధం ఉంది గానీ ఆ సంబంధం ప్రాసెసర్‌కి వెళ్లే కరెంటు ద్వారా కాదు.

నేను మొదట చేసింది ఎర్రర్ ఎక్కడ పుడుతోందో చూడటం. డెల్ఫీ లింకర్ ఆప్షన్లలో మ్యాప్ ఫైల్ ఆన్ చేసి కంపైల్ చేస్తే ఎర్రర్‌తో వచ్చే అడ్రస్ ఏ ఫంక్షన్‌దో తెలిసిపోతుంది. చూస్తే ఒకసారి అద్దె లెక్కలో, ఒకసారి బరువుని టిక్కీలతో భాగించే చోట, అన్నిటికంటే ఎక్కువసార్లు కింద స్టేటస్ బార్‌లో టైము చూపించే చోట. గడియారం! అక్కడ మన కోడ్‌లో భాగహారమే లేదు. డెల్ఫీలో తేదీ, సమయం లోపల డబుల్ రకం (దశాంశ) సంఖ్యే కాబట్టి, టైము అడిగిన ప్రతిసారీ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (ఎఫ్‌పీయూ, ప్రాసెసర్లో దశాంశ లెక్కలు చేసే భాగం) కదులుతుంది, అంతే. డబ్బుకి వాడే కరెన్సీ రకం కూడా అంతే, పేరుకి పూర్ణాంకమే గానీ లెక్క జరిగేది ఎఫ్‌పీయూలోనే. అద్దెకీ, సగటుకీ, గడియారానికీ ఉన్న పోలిక ఒక్కటే, మూడూ ఎఫ్‌పీయూని ముట్టుకుంటాయి. గడియారం సెకనుకోసారి ముట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ నిందలు దాని మీద పడ్డాయి.

ఎక్స్87 అనే పాత రకం ఎఫ్‌పీయూ గురించి తెలియాల్సిన సంగతి ఇక్కడే ఉంది. తప్పు జరిగిన చోట అది అరవదు. తప్పుని స్టేటస్ వర్డ్‌లో గుర్తు పెట్టుకుని, తర్వాతి ఎఫ్‌పీయూ ఇన్‌స్ట్రక్షన్ వచ్చినప్పుడో, ఎఫ్‌వెయిట్ (పెండింగ్ తప్పులుంటే చూడమనే ఇన్‌స్ట్రక్షన్) వచ్చినప్పుడో బయటపెడుతుంది. దానికి తోడు ఎవరో దాని స్థితిని ముందే పాడుచేసి పోతే, ఆ తర్వాత అమాయకంగా లెక్కకి వచ్చినవాడు దొరికిపోతాడు. ఎర్రర్ అడ్రస్ దగ్గరే కూర్చుని కోడ్ చదివితే ఏళ్లు గడిచినా ఏమీ దొరకదు. దానికి ముందు ఎఫ్‌పీయూని ఎవరు వాడారో వెతకాలి.

రెండోది ఎర్రర్ కోడ్. డెల్ఫీ చూపించే మెసేజ్ ఒకటే గానీ విండోస్ కింద నుంచి పంపే కోడ్లు వేరు. చివర 90 ఉంటే మామూలు చెల్లని లెక్క, అంటే సున్నాని సున్నాతో భాగించడం, మైనస్ సంఖ్యకి వర్గమూలం తీయడం లాంటివి. చివర 92 ఉంటే అది స్టాక్ చెక్, అంటే లెక్కలో తప్పు లేదు, ఎఫ్‌పీయూ లోపల సంఖ్య పెట్టుకోవడానికి జాగా లేదు, లేదా ఉందనుకున్న చోట ఏమీ లేదు. డెల్ఫీ ఈ రెంటినీ కలిపి ఒకే ఇన్‌వాలిడ్ ఆప్ కింద చూపించేస్తుంది. అప్లికేషన్ స్థాయి ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) హ్యాండ్లర్‌లో ఎక్సెప్షన్ రికార్డులోని కోడ్‌ని ఫైల్లోకి రాయించాను, ప్రతిసారీ చివర 92. ఇక వోల్టేజీ, వేడి, దుమ్ము, అన్నీ పక్కకి పోయాయి, వేడెక్కిన చిప్ ఇంత పద్ధతిగా ఒకే కోడ్ ఇవ్వదు.

జాగా ఎందుకు లేదు? ఎక్స్87లో ఉన్నవి ఎనిమిది రిజిస్టర్లు (లెక్కకి సంఖ్యలు పెట్టుకునే గదులు), ఒక్కోటి 80 బిట్లు. ప్రతిదానికీ ఖాళీనా, నిండిందా అని చెప్పే ట్యాగ్ ఉంటుంది. 1997లో ఎంఎంఎక్స్ (ఫోటో, వీడియో లాంటి పనుల్లో ఒకేసారి అనేక సంఖ్యల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) వచ్చినప్పుడు ఇంటెల్ కొత్త రిజిస్టర్లు పెట్టకుండా ఈ ఎనిమిదింటినే వాడుకోనిచ్చింది, అలా చేస్తే అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్స్‌ని మార్చకుండానే టాస్క్ మారినప్పుడు రిజిస్టర్లు భద్రంగా ఉంటాయి కదా, అందుకు. దాని ఖరీదు ఏమిటంటే, ఏ ఎంఎంఎక్స్ ఇన్‌స్ట్రక్షన్ నడిచినా ఎనిమిది ట్యాగులూ నిండినట్టు మారిపోతాయి. పని అయ్యాక ఈఎంఎంఎస్ అనే ఇన్‌స్ట్రక్షన్ వేసి అన్నీ ఖాళీ చేసి వెళ్లాలి. మెస్‌లో తిన్నవాడు విస్తరి ఎత్తకుండా లేచిపోతే తర్వాత వచ్చినవాడికి కూర్చోడానికి చోటుండదు, అలాంటిదే ఇది. తర్వాత ఎవరైనా ఎఫ్‌పీయూలోకి సంఖ్య లోడ్ చేయబోతే స్టాక్ నిండింది అంటుంది, అదే 92.

మన ప్రోగ్రాంలో ఎంఎంఎక్స్ ఎవరు వాడతారు? డెల్ఫీ కంపైలర్ తనంతట తను వాడదు. వీడియో రంగులు మార్చే కోడ్ మాత్రం ఆ రోజుల్లో చేత్తో ఎంఎంఎక్స్‌లోనే రాసేవాళ్లు. అనుమానం డీఎల్ఎల్ మీదకి పోయింది. దాని ప్రతి ఫంక్షన్ పిలుపుకీ ముందూ వెనకా ట్యాగ్ వర్డ్ (ఎనిమిది ట్యాగులూ కలిపిన సంఖ్య) చూసే చిన్న ప్రొసీజర్ రాశాను: ఎఫ్‌ఎన్‌స్టెన్వ్‌తో 28 బైట్ల ఎన్విరాన్‌మెంట్ (ఎఫ్‌పీయూ అప్పటి స్థితి) బఫర్‌లోకి తీసుకుని, 8వ బైటు దగ్గర ట్యాగ్ వర్డ్ చదవడం. అంతా ఖాళీ అయితే 65535 రావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఆ ఇన్‌స్ట్రక్షన్ సేవ్ చేశాక ఎక్సెప్షన్లన్నిటినీ మాస్క్ చేసేస్తుంది, అంటే తప్పు జరిగినా చెప్పకుండా నోరు మూసేస్తుంది, కాబట్టి వెంటనే ఎఫ్‌ఎల్‌డెన్వ్‌తో తిరిగి లోడ్ చేయాలి. లేకపోతే మీరు లాగింగ్ పెట్టగానే ఎర్రర్ మాయమవుతుంది, తీయగానే వస్తుంది, పిచ్చెక్కుతుంది.

తేడా వచ్చినప్పుడు రిజిస్టర్లలో ఉన్న బైట్లు కూడా ఫైల్లోకి రాయించాను. ఇది చూడండి, నాకు బాగా నచ్చిన ముక్క. ఒక రిజిస్టర్లో పై రెండు బైట్లు 255, 255. ఎంఎంఎక్స్ రాసిన రిజిస్టర్‌కి పై 16 బిట్లూ ఒకట్లయిపోతాయి, అది దాని వేలిముద్ర. మిగతా ఎనిమిది బైట్లు ఇలా ఉన్నాయి: 16, 128, 16, 128, 16, 128, 16, 128. వీడియో క్యాప్చర్‌తో కాస్త పని చేసినవాళ్లు ఈ వరస చూడగానే గుర్తుపడతారు. వెలుగు 16, రంగులు రెండూ 128, అంటే టీవీ లెక్కలో నల్లటి పిక్సెల్. రైతు అద్దె లెక్క వేయాల్సిన చోట నాలుగు నల్ల చుక్కలు కూర్చుని ఉన్నాయన్నమాట.

అక్కడి నుంచి గంట పని కూడా లేదు. డీఎల్ఎల్‌ని డిస్‌అసెంబ్లర్‌లో (ఫైల్లోని ఇన్‌స్ట్రక్షన్లు చదవనిచ్చే టూల్) తెరిస్తే ఆ రంగుల ఫంక్షన్‌కి వెనక్కి తిరిగే దార్లు రెండున్నాయి. ఫ్రేమ్ అంతా మార్చాక తిరిగొచ్చే దారిలో 0ఎఫ్ 77 అన్న రెండు బైట్లున్నాయి, ఈఎంఎంఎస్ అంటే అవే. రెండో దారి: ఫ్రేమ్ మొదట్లో ఎనిమిది బైట్లు ఎంఎంఎక్స్ రిజిస్టర్లోకి తీసుకుని, అవి అచ్చంగా నలుపైతే సిగ్నల్ లేదని లెక్కేసి అక్కడికక్కడే వెనక్కి. అందులో ఆ రెండు బైట్లు లేవు.

ఇప్పుడు కంప్రెసర్ సంగతి తేలిపోయింది. కెమెరా వైరు మోటరు కేబుల్ పక్కనే, ఒకే పైపులో వచ్చింది. మోటరు ఎత్తుకున్నప్పుడు కెమెరా సిగ్నల్ ఒక్క క్షణం చెదురుతుంది, కార్డు నల్ల ఫ్రేమ్ ఇస్తుంది, డీఎల్ఎల్ రెండో దారిలో తిరిగొస్తుంది, మరుసటి సెకనులోగా గడియారం ఎఫ్‌పీయూ తలుపు తడుతుంది, ఎర్రర్. ఆ సెకనులోగా గుమస్తా బాండు కొడితే అద్దె దగ్గర ఎర్రర్. ఓకే కొట్టగానే మామూలైపోవడానికీ కారణం ఉంది, ఇలాంటి ఎక్సెప్షన్‌ని పట్టుకునేటప్పుడు డెల్ఫీ ఎఫ్‌పీయూని మళ్లీ మొదటి స్థితికి తెచ్చేస్తుంది. నిర్ధారణ కోసం కంప్రెసర్ జోలికి పోకుండా కార్డు నుంచి కెమెరా వైరు పీకేశాను, ఠక్కున ఎర్రర్. పెట్టి పీకితే మళ్లీ ఎర్రర్. గుమస్తా మొహం చూడాలి అప్పుడు, ఇన్నాళ్లూ తన మాట ఎవరూ వినలేదని కోపం, గెలిచానన్న సంతోషం రెండూ కలిపి.

కొత్త కంప్యూటర్లో ఎందుకు రాలేదంటే, ఆ డీఎల్ఎల్ మొదట్లోనే సీపీయూఐడీ (ప్రాసెసర్ తన రకం చెప్పే ఇన్‌స్ట్రక్షన్) అడిగి ప్రాసెసర్‌ని బట్టి దారి ఎంచుకుంటుంది. ఎస్‌ఎస్‌ఈ2 (ఎంఎంఎక్స్ తర్వాత వచ్చిన కొత్త ఇన్‌స్ట్రక్షన్లు) ఉంటే వేరే కోడ్, ఆ కోడ్ వాడే ఎక్స్ఎంఎం రిజిస్టర్లు ఎఫ్‌పీయూవి కావు, విడిగా ఉంటాయి, ఎలా వదిలేసి పోయినా లెక్కలకి అడ్డం రావు. పెంటియం 3లో ఎస్‌ఎస్‌ఈ ఉంది గానీ ఎస్‌ఎస్‌ఈ2 లేదు, అది పెంటియం 4తో వచ్చింది. పిక్సెళ్ల లాంటి పూర్ణాంకాల పనికి పెంటియం 3 మళ్లీ ఎంఎంఎక్స్ రిజిస్టర్ల దగ్గరికే రావాలి. అంటే రెండు కంప్యూటర్లలో నడిచింది ఒకే ఫైలు గానీ ఒకే కోడ్ కాదు. అందుకే కొత్త దాంట్లో రాలేదన్న మాటని పట్టించుకోవద్దన్నాను.

మందు చిన్నదే. డీఎల్ఎల్ పిలుపు తర్వాత ఒక్క ఈఎంఎంఎస్ వేశాను, అంతే. డెల్ఫీ 6 నుంచి ఇన్‌లైన్ అసెంబ్లీలో పేరు రాస్తే చాలు, అంతకు ముందుదైతే డీబీతో (బైట్లు నేరుగా రాసే ఆదేశం) ఆ రెండు బైట్లు రాసేయండి. కెమెరా వైరు కూడా వేరే పైపులోకి మార్పించాం, అది ఫోటోలు బాగా రావడానికి.

ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ఇంకో మందు దొరుకుతుంది, ప్రోగ్రాం మొదట్లో సెట్8087సీడబ్ల్యూ (ఎఫ్‌పీయూ కంట్రోల్ వర్డ్‌ని, అంటే ఏ ఎక్సెప్షన్లు మాస్క్ చేయాలో చెప్పే సెట్టింగ్‌ని, మార్చే ఫంక్షన్) పిలిచి ఎక్సెప్షన్లన్నీ మాస్క్ చేసేయమని. దయచేసి బిల్లింగ్ ప్రోగ్రాంలో ఆ పని చేయకండి. ఎర్రర్ బాక్స్ రాదు, నిజమే. దాని బదులు ఆ ఒక్క లెక్కలో చెత్త విలువ వస్తుంది. కరెన్సీ రకంలోకి ఆ చెత్త వెళ్తే నిల్వయ్యేది మైనస్ 92,23,37,20,36,85,477 రూపాయల 58 పైసలు, అంటే తొమ్మిది కోట్ల కోట్ల పైమాట. అది కనిపిస్తే నయమే, ఎవరో ఒకరు అరుస్తారు. రోజు మొత్తం టోటల్లో కలిసిపోయి నెలాఖరున బయటపడితే ఎవరిని అడుగుతారు? మాస్క్ చేసినప్పుడు చెడిన రిజిస్టర్ లెక్క అయ్యాక ఖాళీ అయిపోతుంది కాబట్టి తర్వాతి మామూలు లెక్కలు సరిగ్గానే వస్తాయి, ఎక్కడో ఒక్క బిల్లు మాత్రం తప్పు, దాన్ని పట్టుకోవడం ఇంకా నరకం.

ఎవరో కింద కామెంట్లో "పాత పెంటియంలో లెక్కల బగ్ ఉంది కదా" అని రాశారు. అది వేరు. 1994లో బయటపడ్డ ఆ భాగహారం లోపం మొట్టమొదటి పెంటియంలది, 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 బదులు 1.33373 అని చెప్పేది, క్రాష్ అయ్యేది కాదు, చప్పుడు లేకుండా తప్పు చెప్పేది. పెంటియం 3లో అది లేదు.

ఇంకా కొన్ని సంగతులు, త్వరగా. మీ ఎర్రర్ కోడ్ చివర 1డీ ఉంటే అది ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ఎస్‌ఎస్‌ఈ2 కావాలనే ఫైలేదో ఎవరో అప్‌డేట్ పేరుతో వేశారు, పాత వెర్షన్ వేసుకోండి. 94 అయితే పూర్ణాంకాన్ని సున్నాతో భాగించారు. లైనక్స్‌లో "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్" అని వచ్చేవి కూడా చాలావరకు ఈ బాపతే, దశాంశాలతో సంబంధం లేని పూర్ణాంక భాగహారాలు.

90 వస్తే మాత్రం వెంటనే మీ కోడ్‌ని అనుమానించకండి, ముందు కంట్రోల్ వర్డ్ కూడా చూడండి. మైక్రోసాఫ్ట్ కంపైలర్లతో చేసిన డీఎల్ఎల్‌లు ఎక్సెప్షన్లు మాస్క్ అయి ఉంటాయనే నమ్మకంతో నడుస్తాయి, పాత డెల్ఫీ వాటిని తెరిచి ఉంచుతుంది, దాంతో వాటికి మామూలైన లెక్క మీ ప్రోగ్రాంలో పేలుతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క పిలుపు వరకు మాస్క్ చేసి, తిరిగి రాగానే పాత కంట్రోల్ వర్డ్ పెట్టేయండి, అందులో ప్రమాదం లేదు.

మీ దగ్గర కెమెరా ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఎంఎంఎక్స్ వాడే ఇంకేదైనా ఉండొచ్చు: స్కానర్, వేలిముద్ర మెషీన్, జేపెగ్ ఫోటోలు కుదించే లైబ్రరీ. సోర్స్ ఉంటే ముందు ఎక్సెప్షన్ కోడ్ రాయించి ఆ చివరి రెండంకెలు ఇక్కడ పెట్టండి. సోర్స్ లేకపోతే ఎక్స్‌పీలోనే ఉండే డాక్టర్ వాట్సన్ (క్రాష్‌లు నమోదు చేసే టూల్) మీకు పనికిరాదు, ఎందుకంటే ఎర్రర్‌ని డెల్ఫీయే పట్టేసుకుంటుంది, అది అక్కడిదాకా పోదు. ఆలీడీబీజీ లాంటి డీబగ్గర్ కింద ప్రోగ్రాం నడిపి, ఎక్సెప్షన్ల సెట్టింగ్స్‌లో ఫ్లోటింగ్ పాయింట్ దగ్గర ఆగేలా పెట్టండి. ఆగినప్పుడు ఎఫ్‌పీయూ రిజిస్టర్ల కిటికీ స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఏ డీఎల్ఎల్‌దో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ డీఎల్ఎల్ తెలిశాక, దాని పేరుతోనే మధ్యలో ఇంకో చిన్న డీఎల్ఎల్ రాసి, అసలు దాన్ని పిలిచి, తిరిగొచ్చేటప్పుడు ఈఎంఎంఎస్ వేసి పంపొచ్చు, మీ ప్రోగ్రాంని ముట్టుకోనక్కర్లేదు.